చెరకు తోటల భాషలో రాసిన తెలుగుబిడ్డ

1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్ దీవిలో జరిగిన సంగతి మన సభ్యుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నూట యాభై ఏళ్ళ క్రితం ఓడలెక్కి వెళ్ళిన కూలీల సంతతి ఇంకా రామభజనలు చేస్తున్నారని విని అప్పట్లో ఎంతో సంతోషించాం. ఆ సమాజంలోనే పుట్టిన ఒక పెద్ద కవి పేరు మాత్రం మనలో ఎక్కువమంది విని ఉండరు. ఆయన తెలుగులో రాయలేదు మరి.

ఆయన దేవ్ వీరాసామి. మన వీరాస్వామే అక్కడి నోళ్ళలో అలా మారింది. 1942 మార్చి 16న కార్తియే మిలితేర్ అనే ఊళ్ళో జన్మించారు. బాల్యంలో పోలియో సోకింది. దాని బాధ ముసలితనంలో మళ్ళీ తిరగబెట్టింది. చదువు ఆయనను స్కాట్లాండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం దాకా తీసుకువెళ్ళింది. అక్కడ భాషాశాస్త్రం చదువుతూ 1967లో తమ దీవి క్రియోల్ భాష మీద పరిశోధనా వ్యాసం సమర్పించారు. ఈ భాష సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఫ్రెంచి దొరల దగ్గర మడగాస్కర్, తూర్పు ఆఫ్రికాల నుంచి తెచ్చిన బానిసలు పనిచేసేవారు. దొరల మాటలు, బానిసల పలుకుబడి కలిసి పుట్టిన భాష ఇది. తర్వాత వచ్చిన మన కూలీలూ దానినే నేర్చారు. మునగాకును అక్కడ 'బ్రెద్ మురుం' అంటారట. అందులో ఫ్రెంచీ ఉంది, అరవమూ ఉంది. దీవిలో అందరి నోటా ఉన్నది ఈ మాటే అయినా, కచేరీల్లో ఇంగ్లీషు, పెద్దమనుషుల ఇళ్ళలో ఫ్రెంచి. క్రియోల్‌ను వట్టి యాస అని చులకన చేసేవారు. వీరాసామి దానికి 'మొరీసియెన్' అని పేరు పెట్టి, ఇదే జాతీయభాష కావాలని వాదించారు. గిడుగు వారి పోరాటం గుర్తుకు రాకమానదు.

1968 మార్చి 12న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది పుట్టిన ఎం.ఎం.ఎం. పార్టీ స్థాపకుల్లో ఆయన ఒకరు. ఓట్లన్నీ కులాలు, మతాల లెక్కన పడే రోజులవి. 1970లో హిందీవాళ్ళు ఎక్కువగా ఉన్న త్రియోలే నియోజకవర్గం ఉప ఎన్నికలో ఈ తెలుగాయన గెలిచి ఆ పార్టీ తొలి శాసనసభ్యుడయ్యారు. 1971 చివర రేవు కార్మికుల సమ్మెతో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించింది. పార్టీ నాయకులతోపాటు ఆయనా 1972లో జైలుపాలయ్యారు. అక్కడే 'లి' అనే నాటకం రాశారు. 'లి' అంటే అతడు అని అర్థం. ఒక రాజకీయ ఖైదీ కథ అది. 1981లో దాని ఫ్రెంచి అనువాదానికి రేడియో ఫ్రాన్స్ ఇంటర్నేషనల్ వారి బహుమతి లభించింది.

కవితా సంపుటాల పేర్లు చూస్తేనే ఆయన రాజకీయం అర్థమవుతుంది. ఒకటి 'దిసిక్ సాలె', అంటే ఉప్పటి పంచదార. చెరకు కొట్టినవాడి చెమట ఉప్పన అని వేరే చెప్పనక్కరలేదు. ఇంకొకటి మేకతోలును కిలకిలలాడనివ్వమంటుంది. ఆ మేకతోలు బానిసల సంతతి సెగా పాటల్లో వాయించే రవాన్ వాద్యానిది. మన డప్పులాగే దాన్నీ మంట మీద కాచి బిగిస్తారు. కూలీ మనుమడు బానిస మనుమడి వాద్యాన్ని తన పుస్తకానికి పేరుగా పెట్టుకోవడం నాకు ఆయన ఉపన్యాసాలన్నిటికంటె పెద్ద మాటగా తోస్తుంది.

1973లో పార్టీతో విడిపోయి వేరే పార్టీ పెట్టారు. రాజకీయంగా అది ఎక్కువ దూరం పోలేదు. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్'ను 1991లో తనదైన నాటకంగా మలచి 'తూఫాన్' అని పేరు పెట్టారు. ఆ మాటకు మనకు అనువాదం అక్కరలేదు.

2012లో క్రియోల్ అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. 2023 నవంబరులో కన్నుమూసే నాటికి ఆయన ఆ విజయాన్ని కళ్ళారా చూశారు. అయితే బడిలో దానికి ఇచ్చిన చోటు హిందీ, తమిళం, తెలుగు వంటి పూర్వీకుల భాషల సరసనే. పిల్లవాడు తెలుగు తీసుకోవాలా, క్రియోల్ తీసుకోవాలా అన్నది అక్కడి తెలుగు ఇళ్ళలో తల్లిదండ్రులు తేల్చుకోవలసి వచ్చింది.