యోసేపు కథ కాపీయేనా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మొన్న హాస్టల్లో అన్నం దగ్గర గొడవైంది. "బైబిల్ కథలన్నీ ఈజిప్టు నుంచి ఎత్తుకొచ్చినవే" అన్నాడొకడు. ప్రార్థనకు వెళ్లే మా ఫ్రెండ్ కంచం వదిలేసి లేచిపోయాడు. అసలు సంగతేంటో చూద్దామని రెండు కథలూ చదివాను.

క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఎన్నానా అనే లేఖకుడు రాసిన పాపిరస్ చుట్ట ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో అనుపు, బాటా అన్నదమ్ములు. తమ్ముడు బాటా అన్న ఇంట్లోనే కొడుకులా ఉంటూ పశువులు కాస్తాడు, పొలం దున్నుతాడు. ఒకరోజు విత్తనాల కోసం ఇంటికొస్తే వదిన తప్పుడు కోరిక కోరింది. తల్లిలాంటి దానివని చెప్పి అతను కాదన్నాడు. ఆమె భయపడి, అతనే తన మీద చెయ్యి వేశాడని భర్తకు చెప్పింది. అన్న ఈటె పట్టుకుని కొట్టం తలుపు వెనక కాపు కాశాడు. ముందు లోపలికొచ్చిన ఆవు బాటాను హెచ్చరించింది. అతను పరిగెత్తాడు. సూర్యదేవుడు ఇద్దరి మధ్య మొసళ్ల నీళ్లు పారించి కాపాడాడు.

ఇప్పుడు ఆదికాండము 39వ అధ్యాయం చూడండి. అన్నలు అమ్మేసిన యోసేపు ఐగుప్తులో పోతీఫరు ఇంట్లో బానిస. యజమాని భార్య కోరితే దేవుని ముందు పాపం చెయ్యనన్నాడు. ఆమె చేతిలో వస్త్రం వదిలేసి పారిపోయాడు. ఆ వస్త్రాన్నే సాక్ష్యంగా చూపి ఆమె అతన్ని జైలుకు పంపించింది.

ఇక్కడిదాకా ఒకటే. తర్వాత దారులు వేరు. బాటా చచ్చి ఎద్దుగా, చెట్టుగా మారి చివరికి ఈజిప్టుకు రాజవుతాడు. యోసేపు కలలకు అర్థం చెప్పి, కరువులో జనానికి తిండి పెట్టే అధికారి అవుతాడు.

మన సారంగధరుడి కథ గుర్తుందా? సవతి తల్లి చిత్రాంగి అబద్ధానికి కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నాడు. దాన్ని ఈజిప్టు కాపీ అంటామా?

సంబంధం గట్టిగా కనిపించేది ఇంకోచోట. అమెనెమోపే బోధ అనే 30 అధ్యాయాల ఈజిప్టు గ్రంథం 1923లో అచ్చయింది. సామెతలు 22వ అధ్యాయం 17వ వచనం నుంచి వచ్చే మాటలు దానికి చాలా దగ్గరగా ఉన్నాయని 1924లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మన్ చూపించాడు. పేదవాణ్ణి దోచుకోవద్దు, పొలం హద్దురాయి జరపొద్దు అని రెండూ చెప్తాయి. హద్దురాయి జరిగితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి మంచిమాట ఎడారి దాటి వెళ్లిందంటే అందులో సిగ్గుపడేదేముంది?

నాకు అసలు బాధ వేరే. ముందు రాసినవాడిదే కథ అంటే, రాత లేని మన అవ్వల కథలన్నీ కాపీలే అయిపోతాయి. ఎన్నానా రాసిపెట్టాడు కాబట్టి బాటా 3,200 ఏళ్లు బతికాడు. మా అవ్వ కథలు నేనింకా ఒక్కటీ రాయలేదు.

ఈ సెలవులకు ఇంటికెళ్తే ఒక్క కథైనా మన భాషలోనే రికార్డు చెయ్యండి. నేను ఈ ఆదివారమే మొదలుపెడుతున్నా.