కల్పన కన్నబిరాన్

కల్పన కన్నబిరాన్ హైదరాబాద్‌కు చెందిన సమాజ శాస్త్రవేత్త, న్యాయవాది. కులం, స్త్రీలపై హింస, క్రిమినల్ చట్టం ఒకదానికొకటి ఎక్కడ ముడిపడతాయన్నది ఆమె పరిశోధనాంశం. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్, రచయిత్రి వసంత కన్నబిరాన్ ఆమె తల్లిదండ్రులు. 1991లో మొదలైన అస్మిత మహిళా సంస్థ వ్యవస్థాపకుల్లో కల్పన ఒకరు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో తొలినాళ్ల నుంచి పదేళ్లు బోధించి, 2011 నుంచి 2021 దాకా కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ హైదరాబాద్ కేంద్రానికి డైరెక్టర్‌గా ఉన్నారు.

తల్లితో కలిసి 2002లో వెలువరించిన ‘డీ-ఎరోటిసైజింగ్ అసాల్ట్’ వ్యాసాలు పరువు, మర్యాద, అధికారాల చుట్టూ తిరుగుతాయి. లైంగిక దాడిని స్త్రీ పరువుకు జరిగిన నష్టంగా లెక్కగట్టినంత కాలం విచారణ నిందితుణ్ని వదిలి బాధితురాలి నడత మీదకు మళ్లుతుంది. ఐపీసీ 354వ సెక్షన్‌లోని ‘స్త్రీ మర్యాదకు భంగం’ అనే భాష, ఐపీసీ స్థానంలో 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్‌లోకీ వచ్చి చేరింది. అందుకే ఆ పుస్తకానికి ఇంకా పాతబడే అవకాశం దొరకలేదు.

2012 నాటి ‘టూల్స్ ఆఫ్ జస్టిస్’ ఆమె రచనల్లో పెద్దది. వివక్షను నిషేధించే 15వ అధికరణాన్ని, స్వేచ్ఛకు హామీ ఇచ్చే 21వ అధికరణాన్ని విడదీసి చదవకూడదంటుంది. న్యాయ విద్యావేత్త రణ్‌బీర్ సింగ్‌తో కలిసి 2008లో సంపాదకత్వం వహించిన సంపుటి వలస పాలన నాటి నేరశాస్త్రాన్ని పట్టుకుంది. కొన్ని తెగలపై పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన 1871 చట్టం నీడ తెలుగునాట స్టువర్టుపురం ఎరుకల మీదా పడింది. 2001 డర్బన్ జాతి వివక్ష వ్యతిరేక సదస్సులో కులాన్ని చర్చకు తెచ్చిన వారిలో దళిత స్త్రీల జాతీయ సమాఖ్య ఉంది. ఆ సమాఖ్య గురించి కల్పన రాసిన వ్యాసం 2006లో వచ్చింది.

కల్పన పరిశోధన దేని గురించో హైదరాబాద్ ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో తెలుస్తుంది. దళిత లేదా గిరిజన స్త్రీపై దాడి కేసులో ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం తోడైతే దర్యాప్తు ఎస్సై చేతిలోంచి ఏసీపీకి వెళ్తుంది, తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రం ఫైల్లో చేరుతుంది. 2023 ఆగస్టు 15 రాత్రి అదే ఎల్బీ నగర్ పోలీస్ స్టేషన్‌లో ఓ గిరిజన మహిళను కొట్టారన్న ఆరోపణపై ఇద్దరు సిబ్బంది సస్పెండయ్యారు. ఆ ఘటనను హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది.

అయితే కులాన్ని రుజువు చేయడం వేరు, కులం వల్లే దాడి జరిగిందని రుజువు చేయడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో అంధురాలైన దళిత యువతిపై అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కులం, లింగం, వైకల్యం కలిసి బాధితురాలిని ఎలా బలహీనురాలిని చేస్తాయో వివరంగా రాసింది. అయినా సాక్ష్యం చాలదంటూ అత్యాచార నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. ఆ కేసుకు వర్తించింది దాడికి కులమే కారణమని రుజువు కోరే పాత సెక్షన్. 2016 జనవరి నుంచి అమలవుతున్న సవరణ ప్రకారం బాధితురాలి కులం నిందితుడికి తెలుసని తేలితే చాలు.