ఏడవలేని బిడ్డ నొప్పి

బరంపురంలో మా వీధిలో ఆడపిల్ల పుడితే ఇరవై ఒకటో రోజున చెవులు కుట్టించేవారు. కంసాలి సూది తీసేలోగానే మా అమ్మమ్మ పంచదార నీళ్లలో ముంచిన గుడ్డపీలిక బిడ్డ నోట్లో పెట్టేది. అదే వీధిలో బిడ్డ పొట్ట ఉబ్బిందంటే ఇనుపచువ్వ కాల్చి వాతలు పెట్టేవారు కూడా. నర్సు చదువు చదివి వచ్చాక నేను మొదటిదానికి నవ్వుకున్నాను, రెండోదానికి మండిపడ్డాను. ఆస్పత్రిలో మేం చేస్తున్నదేమిటో మాత్రం ఆలోచించలేదు.

1981లో నేను ఉద్యోగంలో చేరేనాటికి, నెలలు నిండని బిడ్డల మడమలో గుచ్చి రక్తం తీయడం మాకు రోజూ పొద్దుటి పని. బిడ్డ కెవ్వుమంటే ఊపిరితిత్తులు బాగున్నాయని సంతోషించేవాళ్లం. "పసిగుడ్డుకేం తెలుస్తుంది సిస్టరమ్మా" అని తల్లులే మాకు ధైర్యం చెప్పేవారు. ఈ "ఏం తెలుస్తుంది" అన్న మాటకు పెద్ద చరిత్రే ఉందని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు.

1941లో అమెరికాలో మర్టిల్ మెక్‌గ్రా అనే పరిశోధకురాలు పసిపిల్లలను గుండుసూదితో గుచ్చి చూసి, పుట్టిన తొలిరోజుల్లో వాళ్ల స్పందన మందంగా ఉంటుందని రాసింది. నరాల పైపూత పూర్తికాలేదు గనుక నొప్పి మెదడుకు చేరదన్న వాదం దీనికి తోడైంది. మత్తుమందు ఇస్తే ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయమూ ఉండేది. అది ఉత్త భయం కాదు, అంత చిన్న ప్రాణానికి మోతాదు కట్టడం ఆ రోజుల్లో నిజంగానే కష్టం. కాని భయాన్ని భయమని ఒప్పుకోక, నొప్పే లేదనడం సులువైపోయింది.

1985లో వాషింగ్టన్‌లో నెలలు నిండకుండా పుట్టిన జెఫ్రీ లాసన్ అనే బిడ్డకు గుండె దగ్గరి రక్తనాళం మూయడానికి ఛాతీ కోశారు. ఇచ్చింది కదలకుండా చేసే మందు మాత్రమే, మత్తు లేదు. అయిదు వారాలకు బిడ్డ పోయాడు. సంగతి తర్వాత తెలుసుకున్న తల్లి జిల్ లాసన్ ఊరుకోలేదు. 1986లో అది పత్రికలకెక్కింది. ఇంచుమించు ఆ కాలంలోనే ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆపరేషన్ నుంచి తిరిగొచ్చే పిల్లలు ఎందుకంత కుదేలవుతున్నారని పరిశీలించాడు. 1987లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆయన పరీక్షలో ఉన్నది పదహారుమంది పిల్లలే. ఫెంటనిల్ అనే నొప్పిమందు అందిన వాళ్లకంటే అందని వాళ్లలో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువ, చిక్కులూ ఎక్కువ. పసివాళ్లకూ మత్తు ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది కూడా ఆ ఏడే.

ఆపరేషన్ గదిలో మార్పు వచ్చినా వార్డులో మడమ గుచ్చడం మామూలుగానే సాగింది. అక్కడ పని నర్సులదే. 1996లో కెనడాలో బోనీ స్టీవెన్స్, సెలెస్ట్ జాన్‌స్టన్ మొదలైనవారు నొప్పికి ఒక కొలత కట్టారు. వాళ్లిద్దరూ నర్సులే. కనుబొమల మధ్య ఉబ్బు, బిగమూసిన కళ్లు, ముక్కు పక్క గీత, గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్ చూసి మార్కులు వేస్తారు. ఎన్ని వారాలకు పుట్టిందో, గుచ్చేముందు నిద్రలో ఉందో మెలకువగా ఉందో కూడా లెక్కలోకి వస్తాయి. ఎంత ముందుగా పుడితే అన్ని మార్కులు కలుపుతారు. ఎందుకంటే బొత్తిగా చిన్నబిడ్డకు నొప్పిని చూపే ఓపిక కూడా ఉండదు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. కిలోకు తక్కువున్న ఒక బిడ్డను నేను రోజుకు నాలుగుసార్లు గుచ్చాను. ఏడిచేది కాదు, వేళ్లు విచ్చుకుని ఊరుకునేది. రికార్డులో నేను రాసింది "బిడ్డ నెమ్మదిగా ఉంది" అని.

2008లో అచ్చయిన పారిస్ ప్రాంతపు లెక్క చూడండి. 430 మంది పిల్లలకు నొప్పిపెట్టే పనులు 42,413 జరిగితే, వాటిలో నూటికి దాదాపు ఎనభై ఏ ప్రత్యేకమైన నొప్పిమందూ లేకుండానే జరిగాయి. సంపన్న దేశపు సంగతి అది.

గుచ్చే ముందు నాలుక మీద పంచదార ద్రావణం చుక్కలు వేస్తే చిన్న నొప్పులు తగ్గుతాయని 1990ల పరీక్షలు తేల్చాయి. అమ్మమ్మ గుడ్డపీలిక గుర్తొచ్చింది గాని, దాన్ని నేను సమర్థించను. అది శుభ్రమైనది కాదు, చెవులు కుట్టడమూ బిడ్డకు అవసరమైనది కాదు. అంతకంటే మేలైనది తల్లి ఒళ్లు. బొగోటాలో 1978లో మొదలైన కంగారూ పద్ధతిలో, తల్లి రొమ్ముకు ఆనించుకున్న బిడ్డకు మడమ నొప్పి తక్కువని జాన్‌స్టన్ బృందం 2003లో చూపింది. రిటైరయ్యాక మా వీధి కోడళ్లకు నేను చెప్పేదొకటే. టీకా వేసేటప్పుడు పాలు తాగిస్తూ ఉండమ్మా, బల్లమీద పడుకోబెట్టమంటే కాస్త ఆగమను. సూది పట్టుకున్న చిన్న సిస్టర్లు నన్ను చూసి విసుక్కుంటారు. వాళ్ల వయసులో నేనూ విసుక్కునేదాన్నే.