లెన్సు సరే, ఎదురుగా ఎవరు?

కెమెరా కొన్న ప్రతివాడిదీ ఒకటే గోల: నికానా, కేనానా, ఏ లెన్సు?

లాలా దీన్‌దయాళ్ మనలాంటివాడే. రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోర్‌లో సర్కారు ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగంలో ఉండగానే కెమెరా పట్టి, తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. ఆ రోజుల్లో సెన్సారూ లేదు, మెమరీ కార్డూ లేదు, ఒక్కో బొమ్మకి ఒక్కో గాజు పలక!

నాకు నచ్చింది వేరే సంగతి. 1892లో ఆయన హైదరాబాదులో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం విడిగా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫొటోలు తియ్యడానికి ఒక ఇంగ్లీషావిడని పెట్టాడు. ఏ లెన్సూ చెయ్యలేని పనది.

కోటవురట్లలో మా మామ్మకి ఒక్క ఫొటో కూడా లేదు. నర్సీపట్నం తీసుకెళ్తామన్నా, తీసేవాడు మగాడని ఆవిడ కదల్లేదట. మొహం గుర్తున్నవాళ్ళు ఇప్పుడు ఇద్దరే.

మీ ఇంట్లో ఫొటోకెక్కనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లెన్సు సంగతి తర్వాత తేల్చుకుందాం.