వాల్వు ఆంప్లిఫయరులో హీటరు తీగలు: ఒక చారిత్రక పరిశీలన

తొలి రేడియోలలో వాల్వు ఫిలమెంటును వేడిచేసినది బ్యాటరీయే. ఆ ఫిలమెంటే కాథోడు కావడంతో, ఏకాంతర విద్యుత్తునిస్తే దాని హెచ్చుతగ్గులు స్పీకరులో రొదగా వినిపించేవి. 1927లో ఆర్‌సీఏ విడుదల చేసిన యూవై-227లో హీటరు, కాథోడు వేరువేరు. రొద తగ్గింది గాని పోలేదు. 2.5 వోల్టుల ఆ హీటరు 1.75 ఆంపియర్లు తీసుకునేది. అంత ప్రవాహం మోసే తీగల చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రమూ బలమైనదే. రెండు తీగలను గట్టిగా పెనవేస్తే ఎదురెదురు ప్రవాహాల క్షేత్రాలు చాలావరకు రద్దవుతాయి. ఆ జంటను గ్రిడ్ తీగలకు దూరంగా, చాసిస్ అంచువెంట నడపడం అందుకే.

తీగల అమరికకు దక్కిన పేరు ఇక్కడ కారు బ్యాటరీకి దక్కలేదు. 1930ల ఆరంభంలో కారు రేడియోలకు వచ్చిన 37 వాల్వు, మూడు సెల్లుల బ్యాటరీకి తగినట్టు 6.3 వోల్టుల వద్ద 0.3 ఆంపియరుతోనే పనిచేసింది. ఆ 6.3 వోల్టులే తరువాత ఇంటి ఆంప్లిఫయరుకూ ప్రమాణమయ్యాయి. 12ఏఎక్స్7 హీటరు సగాలను శ్రేణిలో కలిపితే 12.6 వోల్టులు, 0.15 ఆంపియరు.