ఓట్ల రీకౌంటింగ్: న్యాయస్థానాల అధికారం

భారతదేశంలో వివాదాస్పద ఎన్నికల ఓట్లను తిరిగి లెక్కించాలని న్యాయస్థానం ఎప్పుడు ఆదేశించవచ్చు అన్నది ప్రధానంగా 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద దాఖలైన ఎన్నికల పిటిషన్లపై తీర్పుల ద్వారా తేలిన విషయం. లెక్కింపు కేంద్రంలో ఓట్ల మొత్తాలు చదివాక, ఫలితం ప్రకటించేలోపు, కారణాలు చూపి రీకౌంటింగ్ కోరే వీలును 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 63వ నియమం అభ్యర్థికి ఇస్తుంది. దానిపై నిర్ణయం రిటర్నింగ్ అధికారిది. ఫలితం వెలువడ్డాక మిగిలే మార్గం 45 రోజుల్లోగా వేయవలసిన ఎన్నికల పిటిషన్ ఒక్కటే. ఈ పిటిషన్లను 1966 సవరణకు ముందు ట్రిబ్యునళ్లు విచారించేవి, ఆ తరువాత హైకోర్టులు విచారిస్తున్నాయి.

ఈ విషయంలో మూలస్తంభం వంటిది 1964 నాటి రామ్ సేవక్ యాదవ్ కేసు. బ్యాలెట్ పత్రాలను తెరిపించాలంటే లెక్కింపులో జరిగిన తప్పును పిటిషన్‌లోనే నిర్దిష్టమైన వాస్తవాలతో చెప్పి ఉండాలనీ, వివాదం తేలడానికి ఆ పరిశీలన తప్పనిసరి అని న్యాయస్థానానికి ప్రాథమికంగా నమ్మకం కలగాలనీ సుప్రీంకోర్టు అందులో నిర్దేశించింది. ఆధారాలు దొరుకుతాయేమోనన్న ఆశతో పెట్టెలు తెరిపించడం కుదరదు. నిబంధన కఠినమే అయినా న్యాయమైనది. ఓడిన ప్రతివారూ అడిగినదే తడవుగా పత్రాలు బయటికి తీస్తే ఓటు రహస్యానికి రక్షణ ఉండదు.

మెజారిటీ స్వల్పమన్న ఒక్క కారణం రీకౌంటింగ్‌కు చాలదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో, 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో కల్యాణ్ సింగ్ చౌహాన్ ఒక్క ఓటుతో గెలిచారు. అంత తక్కువ తేడా ఉన్నా పిటిషనర్ తప్పు ఎక్కడ జరిగిందో చూపవలసిందే. మరింత ముఖ్యమైన సూత్రం తమిళనాడు పంచాయతీ వివాదమైన శంసుద్దీన్ కేసులో వచ్చింది: రీకౌంటింగ్‌లో ఏం తేలిందన్నదాన్ని బట్టి, దానికి ఇచ్చిన ఆదేశాన్ని సమర్థించుకోరాదు, ఆదేశం ఇచ్చేనాటికే ఆధారం ఉండాలి.

ఆధారం ఉన్నచోట న్యాయస్థానాలు వెనుకాడలేదు. హర్యానాలోని పానిపట్టు జిల్లా బువానా లాఖూ గ్రామంలో 2022 నవంబరులో జరిగిన సర్పంచి ఎన్నికపై, ట్రిబ్యునల్ ఒక పోలింగ్ కేంద్రానికి ఆదేశించిన రీకౌంటింగ్‌ను హైకోర్టు రద్దు చేయగా, సుప్రీంకోర్టు ఈవీఎంలను తన ప్రాంగణానికే తెప్పించి, ఇరుపక్షాల సమక్షంలో, వీడియో తీయిస్తూ, అన్ని కేంద్రాల ఓట్లనూ 2025 ఆగస్టు 6న లెక్కించింది. మొత్తం 3,767 ఓట్లలో, ఓడినట్టు ప్రకటించిన అభ్యర్థికి 1,051, గెలిచినట్టు ప్రకటించిన వ్యక్తికి 1,000 వచ్చాయి. మొదటి అభ్యర్థిని సర్పంచిగా ప్రకటిస్తూ రెండు రోజుల్లో నోటిఫికేషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు జిల్లా యంత్రాంగాన్ని ఆదేశించింది.