నర్సింగ్‌లో స్ఫురణ

నర్సింగ్‌లో స్ఫురణ అంటే, కారణం ఇదీ అని వెంటనే చెప్పలేకపోయినా రోగి పరిస్థితి మారుతోందని నర్సుకు తోచడం, దాన్నిబట్టి ఆమె నిర్ణయం తీసుకోవడం. ‘ఇంట్యూషన్’కు అంతర్దృష్టి అనే అనువాదమూ ఉంది కానీ, దాన్ని ‘ఇన్‌సైట్’కు కూడా వాడుతుండటంతో ఇక్కడ స్ఫురణ అనే మాటనే తీసుకున్నాం. “పల్స్, బీపీ బాగానే ఉన్నాయి డాక్టర్‌గారూ, కానీ మనిషి ఎందుకో తేడాగా ఉన్నాడు, ఒకసారి వచ్చి చూడండి” అని సిస్టర్ చేసే ఫోనులో ఉన్నది ఇదే.

ఫ్లోరెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ (ప్రచురణ సంవత్సరాన్ని కొందరు 1859 అని, కొందరు 1860 అని ఇస్తారు) రోగిని గమనించడానికి ఒక అధ్యాయమే కేటాయించింది. అయితే ఆమె కోరింది కచ్చితమైన పరిశీలన. ‘బాగానే ఉన్నాడు’ లాంటి పైపై మాటలను ఆమె ఒప్పుకోలేదు. కాబట్టి స్ఫురణవాదానికి ఆమెను మూలపురుషురాలిగా చూపడం అంత సబబు కాదు. బార్బరా కార్పర్ 1978లో నర్సింగ్ జ్ఞానాన్ని నాలుగు రకాలుగా విభజించినప్పుడు కూడా స్ఫురణకు విడిగా చోటివ్వలేదు.

చర్చకు కేంద్రం ప్యాట్రీషియా బెన్నర్. చదరంగం ఆటగాళ్లు, విమాన చోదకుల నైపుణ్యంపై డ్రైఫస్ సోదరులు రూపొందించిన అయిదు దశల నమూనాను ఆమె నర్సులకు అన్వయించింది. దీనికి సాధారణంగా 1984 నాటి పుస్తకాన్ని పేర్కొంటారు. అదే శీర్షికతో వ్యాసం 1982లోనే వచ్చింది కనుక ఆ ఏడాదినే ఆరంభంగా తీసుకోవడం మేలు. కొత్తగా చేరిన నర్సు నియమాలను పట్టుకుని నడుస్తుంది. ఆరితేరిన నర్సు పరిస్థితిని మొత్తంగా ఒక్కసారే గ్రహిస్తుంది. ఆ నర్సునే పరిచయం లేని విభాగానికి మారిస్తే మళ్లీ మొదటి దశకు చేరవచ్చునని బెన్నర్ అంటుంది. బదిలీల మీద వార్డులు మారిన వాళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

విడమరచి చెప్పలేనిదాన్ని నిపుణత అనడం పరీక్షకు అందదని 1990లలో విమర్శలు వచ్చాయి. ఇంతకుముందు చూసినదాన్ని గుర్తుపట్టడమే స్ఫురణ అన్న హెర్బర్ట్ సైమన్ వివరణను ఆధారం చేసుకుని గోబే, షాసీ అనే పరిశోధకులు 2008లో బెన్నర్ సిద్ధాంతానికి ప్రత్యామ్నాయం ప్రతిపాదించారు. ఉన్న సాక్ష్యం ఎక్కువగా ఈ వైపే మొగ్గుతోంది.

ఆ సాక్ష్యంలో బలమైనది నవజాత శిశువుల ఐసీయూ నర్సులతో బెత్ క్రాండల్, గెచెల్-రైటర్ చేసి, 1993లో ప్రచురించిన అధ్యయనం. ‘చూడగానే తెలిసింది’ అన్న నర్సులను ఒక్కొక్క ఘటనలోకీ వెనక్కి తీసుకెళ్లి, ఏం చూశారో విడివిడిగా అడిగారు. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకుతున్న శిశువుల్లో వాళ్లు పట్టుకున్న గుర్తులు కొన్ని అప్పటి గ్రంథాల్లో లేవు. కొన్ని పెద్దవాళ్లలో కనిపించే లక్షణాలకు పూర్తిగా తలకిందులు. మనస్తత్వవేత్త గ్యారీ క్లెయిన్ ఇలాంటి ఒక ఉదంతం రాశాడు. పరీక్ష కోసం మడమ దగ్గర సూది గుచ్చిన చోట ఇంకా రక్తం చెమ్మ. చర్మం మీద లేత మరకలు. పొట్ట రవ్వంత ఉబ్బు. వేడి పెంచినా మళ్లీ దిగుతున్న ఒంటి ఉష్ణోగ్రత. దగ్గరున్న శిక్షణలోని నర్సు వీటిని ఒక్కొక్కటిగా చూసి, ఏదీ పెద్దది కాదనుకుంది. పక్కగా వెళుతున్న సీనియర్‌కు అన్నీ కలిపి ఒకేసారి కనిపించాయి.

ఇలాంటి స్ఫురణ ఎక్కడ నమ్మదగ్గదో మరో మనస్తత్వవేత్త కానెమన్, క్లెయిన్ 2009లో కలిసి రాశారు. పరిస్థితుల్లో ఒక క్రమం ఉండాలి, తన అంచనా నిజమైందో లేదో తెలుసుకునే వీలు ఉండాలి. రోగిని వేరే వార్డుకు పంపాక ఏమైందో ఎన్నడూ వినని నర్సుకు ఈ రెండోది దక్కదు. శిక్షణ గురించి రాసేవాళ్లు ఈ లోటును తగినంత పట్టించుకోలేదనే చెప్పాలి.

ఆచరణలో స్ఫురణకు గుర్తింపు అంతకుముందే మొదలైంది. సిడ్నీలోని లివర్‌పూల్ ఆస్పత్రిలో 1990లో ఏర్పడిన అత్యవసర వైద్య బృందాన్ని పిలవడానికి, అంకెలు హద్దు దాటకపోయినా, సిబ్బంది తీవ్రంగా ఆందోళన చెందితే చాలు. ఆ ఆందోళననే నెదర్లాండ్స్ పరిశోధకులు 2015 నాటి సమీక్షలో 10 సూచికలుగా విడదీశారు. ఊపిరి తీరు మారడం, అశాంతి, ‘నాకేదో అవుతోంది’ అని రోగే అనడం వాటిలో ఉన్నాయి. కారణం చెప్పలేని నర్సు ఆందోళనకూ ఆ పట్టికలో ఒక వరుస ఉంది.